ఎర్తు గుంత

మడికొండ దాటినంక మా పంపుహౌజుల
రాత్రి పదకొండు గంటలకు
మీటరు తిక్కతిక్క జేస్తున్నది.
ఆరు వందల పన్నెండు. తొంభై ఏడు. వెయ్యిన్నూట ముప్పై.
పంపేమో ఎప్పటి తీరుగనే గుర్రు పెడుతున్నది,
పైపు మీద చెయ్యేస్తే అదే చల్లదనం, అదే సన్నటి వణుకు.
నీళ్లు మంచిగనే నడుస్తున్నయి.
వాటిని వినే చెవికే ఏదో అయింది.

సదయ్య అంటడు, "డాంపింగు పెంచు అన్నా,
అరవై సెకన్లు పెట్టు, గీత సాపయితది, ఇంటికి పోదం."
పోయిన నెల అదే చేసిన.
గీత సాపయిన మాట నిజమే,
జ్వరమొచ్చిన పిల్లగాని మీద దుప్పటి కప్పి
వణుకు తగ్గిందన్నట్టు.
నెలాఖరుకు టాంకీ లెక్కకూ నా లెక్కకూ పొత్తు కుదరలే.
ఫర్హీన్ మేడం నన్నేమనలే,
కాయితం నా దిక్కు తిప్పిపెట్టింది, అంతే.

ఇయ్యాల పంపు బందు పెట్టించిన.
రెండు దిక్కుల వాల్వులు కట్టి, పైపు నిండుగ ఉన్నదో లేదో చూసి,
నీళ్లను నిలబెట్టినం.
నిలబడ్డ నీళ్లకు సున్నా రావాలె.
ముప్పై ఏడు వచ్చింది. మైనస్ పన్నెండు. మళ్ల నలభై.
కదలని నీళ్లు ఉరుకుతున్నయని సాక్ష్యం చెప్తున్నదిది.
అయితే గాలి బుడగలది తప్పు కాదు,
పైనుంచి కలిపే పటికెది గూడ కాదు.

మూత విప్పిన.
ఎలక్ట్రోడు అంటే ఎంతని? పల్లిగింజంత.
పైపుకు ఈ పక్కొకటి, ఆ పక్కొకటి,
మీదా కిందా అయస్కాంతం, దాన్ని కోసుకుంట నీళ్లు.
ఆ కోతకు పుట్టే కరెంటు
మిణుగురు పురుగుకు గూడ సాలదు.
ఊరు తాగే నీళ్ల లెక్కంతా ఆ పిసరు మీదనే.
దాని పక్క పొంటి ఎవడో మోటరు కేబులు గుంజిండు,
డీజే బండి పక్కన నిలబెట్టి
చెవులో ముచ్చట చెప్పమన్నట్టు.
సిగ్నలు వైరు తీసి వేరే పైపుల వేసినం.
సగం తగ్గింది. సగం మిగిలింది.
మిగిలిన సగమే నిద్ర పోనియ్యదు.

ఒంటిగంటకు ఎర్తు కొలిచిన.
అయిదు లోపల ఉండాల్సింది ముప్పై ఎనిమిది.
సదయ్య టార్చి పట్టిండు, గుంత మూత లేపిన.
రోహిణి కార్తె మన్ను,
నెర్రెలల్ల వేలు పడుతున్నది.
బొగ్గు పొడిపొడి, ఉప్పు సుద్దముక్క లెక్క గట్టిగ,
ఓ తొండ మమ్ముల చూసి పక్కకు జరిగింది.
పది అడుగుల అవతల పైపుల
గంటకు ఎనిమిది వందల ఘనపు మీటర్ల నీళ్లు,
ఇక్కడ చెంబెడు తడి లేదు.

అప్పుడు యాదికొచ్చింది కొంరమ్మ.
పద్నాలుగేండ్లు ఈ బండలు కడిగింది.
కడిగినంక మిగిలిన బకెట్ నీళ్లు
పొద్దుగాల పొద్దుగాల ఈ గుంతలనే గుమ్మరించేది.
ఎర్తింగు ఏందో ఆమెకు ఎవరు చెప్పలే.
మోరి దూరం, ఆమెకు మోకాళ్ల నొప్పులు, గంతే.
మార్చిల ఏజెన్సీ మారింది, లిస్టుల ఆమె పేరు లేదు.
కొత్తోళ్లు వారానికోసారి వచ్చి
పొడి చీపురు ఊడ్చిపోతరు.

బకెట్ మీద బకెట్ పోసినం.
ముందు మన్ను తాగలే, పైన్నే నిలిచింది,
తర్వాత ఒక్కసారే గుటగుట.
ఇరవై తొమ్మిది. పదిహేడు. చానాసేపు పదిహేడే.
మూడున్నరకు నాలుగున్నర.
పంపు చాలు చేసినం.
ఎనిమిది వందల నలభై ఒకటి. నలభై. నలభై రెండు. నలభై ఒకటి.
సదయ్య ఏం మాట్లాడలే, బీడీ ముట్టించిండు.

లాగుబుక్కుల "కారణం" అన్న గడి
రెండు వేళ్ల ఎడల్పు.
"ఎర్తు గుంత ఎండినది" అని రాసి
పెన్ను మూత పెట్టక చాలాసేపు కూసున్న.

తెల్లారినంక ఫోన్ చేసిన.
సంగతంతా విన్నది, పని ముచ్చట ఎత్తలే.
"నీలం బకెట్టేనా సారూ?
దాని పిడి ఊడుతది,
అడుగు పట్టి పొయ్యి" అన్నది.