కెటిల్ కాగేంత సేపు

మా తలుపుకి తాళం లేదు.
ఉండకూడదని రూలు.
మత్తు మానడానికి వచ్చిన పిల్లలు
మానకుండా వెళ్ళిపోవడానికీ అదే తలుపు.
గీలాంగ్‌లో, రైలు పట్టాల అవతల,
ఎనిమిది మంచాలు, ఒక వంటగది,
రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా నేను.

టాలియాకి పదహారు.
జూలై చలిలో, పందెం కూడా లేకుండా,
వేసుకున్న బట్టలతోనే పియర్ మీంచి సముద్రంలోకి దూకింది.
అర్ధరాత్రి కత్తెర కనబడింది, జడ పోయింది.
చేతిలో ఎవరేం పెట్టినా
రంగు చూసేలోపే మింగేది.
ఎందుకని అడిగితే
అడిగినవాళ్ళని జాలిగా చూస్తుంది.
ఎందుకు అన్న మాట
ఆమె దూకేశాకే వస్తుంది ఎప్పుడూ,
ఆఖరి బస్సు కదిలాక
స్టాపులోకి పరిగెత్తుకొచ్చే మనిషిలా.

సైకాలజిస్టు తెర ముందు కూర్చోబెట్టాడు.
ఆకుపచ్చ చుక్క వస్తే నొక్కాలి,
బీప్ వినబడితే ఆగాలి.
నూటికి డెబ్బైసార్లు ఆగలేదు.
"బీప్ వినబడింది," అంది.
"వేలు అప్పటికే వెళ్ళిపోయింది."
ఆ మాట డ్యూటీ పుస్తకం వెనకట్ట మీద రాసుకున్నాను.

అనిపించడానికీ చేసేయడానికీ మధ్య
చాలామందికి ఒక అరుగుంటుంది,
కాసేపు కూలబడటానికి.
ఆమెది నేరుగా రోడ్డు మీదకి తెరుచుకునే ఇల్లు.
మేం చేసే వైద్యమంతా ఆ అరుగు కట్టడమే,
మందులు తక్కువ, మట్టిపని ఎక్కువ.

మూడో రాత్రి, రెండున్నరకి,
బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది.
చెమట. బిగుసుకున్న దవడ.
నేను అడ్డం నిలబడకూడదు.
చెయ్యి పట్టుకోకూడదు.
అడగొచ్చు, అంతే.
"కెటిల్ పెడతాను. కాగేదాకా ఉంటావా?
తర్వాత నీ ఇష్టం."
మూడు నిమిషాల నలభై సెకన్లు.
పాత కెటిల్, మూత సరిగా పడదు.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమని
అమ్మ నన్నే చూసి అనేది.
కారణముంది.
నిరుడు డెక్లాన్ ఇలాగే బూట్లు వేసుకుంటే
(వరసగా అయిదో రాత్రి డ్యూటీ, నాకు జ్వరం)
"వెళ్తే వెళ్ళు" అన్నాను.
నాకూ బీప్ వినబడింది.
నాలుక అప్పటికే వెళ్ళిపోయింది.
ఇప్పటికీ నార్లేన్ బస్సులో
నీలం హుడీ కనబడితే
దిగాల్సిన చోట దిగలేను.

నీళ్ళు సణిగాయి, మూలిగాయి, కుతకుతలాడాయి.
టాలియా లేసు విప్పింది, కట్టింది, విప్పింది.
"ఇప్పుడు వెళ్తా," అంది.
వెళ్ళలేదు.

నాలుగో రాత్రి వెళ్ళింది.
నేను కెటిల్ వైపు తిరిగేలోపే.
తెల్లారాక తనే నడిచొచ్చింది
ఒక కాలికే బూటుతో.
రెండోదాని సంగతి ఎవరం అడగలేదు.
టోస్ట్ పెట్టాం.
లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

ఆ కొత్త లెక్కలో ఆరో రాత్రి,
మందుల అలమరా దగ్గర మాత్రలు లెక్కపెడుతుంటే
వంటగదిలోంచి కాలిన వాసన.
వెంటనే అలారం.
ఎనిమిదిమందీ దుప్పట్లు కప్పుకుని గడ్డిలో,
ఒకడు పడీ పడీ నవ్వుతున్నాడు,
రెండు ఫైరింజన్లు, వీధంతా లైట్లు,
ఎదురింటి కుక్కకి పూనకం.
టాలియా నా పక్కకొచ్చి
చల్లటి పాదం మీద పాదం వేసుకుని నిలబడింది.
"వెళ్ళిపోవాలనిపించింది," అంది.
"కెటిల్ పెట్టాను.
నీళ్ళు పోయడం మర్చిపోయాను."

పాతది కదా,
తనంతట తాను ఆగడం దానికీ రాదు.

రిపోర్టులో ఇలా రాశాను:
ఆగింది. నీళ్ళు లేవు.
కెటిల్ ఒకటి కొనాలి.
కింద, వేరే పెన్నుతో:
త్వరగా కాగేది వద్దు.