సెలవు లెక్క

ఫ్రిజ్ మీద రెండు క్యాలెండర్లు.
వొడోంగాది మునిరత్నానిది, ఆల్బరీది నాది.
మధ్యలో ముర్రే నది, దాని మీద వంతెన.
ఇటు విక్టోరియా: మా ఇల్లు, అతని ఫ్యాక్టరీ.
అటు న్యూ సౌత్ వేల్స్: నా ల్యాబు.
రెండు ఒడ్డులకూ గడియారం ఒకటే.
పండగలే, వాటా తెగని దాయాదులు.

మార్చిలో కార్మికుల దినమని అతను దుప్పట్లోంచి లేవడు.
నేను వంతెన దాటి పోయి
ఎవరి నెత్తురో గాజుగొట్టంలో తిప్పుతుంటాను.
నా కార్మికుల దినం అక్టోబరులో.
ఆ రోజు అతను కుక్కల బిస్కెట్లు సంచుల్లో నింపుతుంటాడు.
నవంబరులో ఒక మంగళవారం
మెల్‌బోర్న్‌లో గుర్రాలు పరిగెత్తుతాయని ఈ ఒడ్డంతా సెలవు.
"ఆ ఒడ్డున గుర్రాలు లేవా?"
మొదటి ఏడాది నేనడిగిన ప్రశ్నకు
మా సూపర్‌వైజర్ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇద్దరికీ కలిసొచ్చేది ఏప్రిల్ ఒక్కటే.
ఈస్టరుకు నాలుగు,
ఆన్జాక్ శుక్రవారం, దాని తోక పట్టుకొచ్చే శని, ఆది,
నడుమ మూడు మన చేతివి పడేస్తే
పది.
మూడు దేశాలు, అన్నాడు పెన్సిలు చెవిలో దోపుకుని.
హనోయి నాలుగు, లువాంగ్ ప్రబాంగ్ మూడు, బ్యాంకాక్ రెండు.
విమానంలో పోయే రోజులో?
"అవి ఏ దేశానివీ కావు కదా!"

తర్వాత రబ్బరు పని మొదలైంది.
హనోయి రైళ్ళలో ఆ వారం బెర్తులు దొరకవట,
నెలాఖరు పండక్కి జనమంతా ఊళ్ళకు పోతారట.
లువాంగ్ ప్రబాంగ్‌లో గది అడిగితే
యజమానురాలు బువావన్ రాసింది:
మాకది కొత్త సంవత్సరం, అమ్మ దగ్గరికి పోతాం,
మీరొచ్చే నాటికి తాళం తీస్తామో లేదో.

చదివి నేను కాసేపు ఊరకున్నాను.
పోయిన గుడ్ ఫ్రైడే నాడు మా వీధి బేకరీ ముందు
పెట్టెలు పట్టుకుని ఒక జంట,
అద్దానికి నుదురానించి లోపలికి చూస్తున్నారు.
వాళ్ళ భాష నాకు రాదు.
పండగ అని సైగతో ఎట్లా చెప్పాలి?
రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని
నిద్రపోయినట్టు చూపించాను.
వాళ్ళు తలూపి, ఎవరో చనిపోయారనుకున్నట్టు
మెల్లగా వెళ్ళిపోయారు.

మా చిత్తూరు వైపు సెలవంటే ఖర్చు కూడా.
సంత నుంచి వచ్చి మా అవ్వ కొంగుముడి విప్పి
"నూర్రూపాయలు సెలవైపోయె" అనేది,
ఆ నూరూ ఎక్కడికో ఊరికి పోయినట్టు.
మునిరత్నం ఇప్పుడా లెక్కలోనే ఉన్నాడు.
ఆన్జాక్ నాడు సంచులు మోస్తే రెండున్నర రెట్ల కూలి.
సెలవు పెడితే ఎంత సెలవు?
కాగితం మీద రాసి, కొట్టేసి,
అదే అంకె మళ్ళీ రాశాడు.
నేనేమీ సెలవియ్యలేదు.
మాటకు కూడా అదే పేరు మా భాషలో.
చూసుకుని వాడాలి.

ఈ మంగళవారం గుర్రాల సెలవు.
మధ్యాహ్నం ల్యాబు బయట అతను,
చేతిలో పెరుగన్నం డబ్బా, మాగాయ ముక్క.
వంతెన మీద నడిచే వచ్చాడట.
"పాస్‌పోర్టు అడగలేదు" అన్నాడు సీరియస్‌గా.
అరగంట నాది. రోజంతా అతనిది.
నది ఒడ్డున బెంచీ మీద
నేను గబగబా తింటున్నాను, అతను చూస్తున్నాడు,
నీళ్ళు ఏ రాష్ట్రానివో చెప్పకుండా పోతున్నాయి.

డబ్బా మూత పెడుతుంటే ఫోను తీసి చూపించాడు.
టిక్కెట్లు కొన్నావా? కొనలేదు.
బువావన్ మళ్ళీ రాసింది:
రండి. పండగ అయిపోయుంటుంది,
చల్లుకోవడానికి నీళ్ళు మాత్రం మిగిలుంటాయి.