నొక్కిన వేళ, దొరికిన వేళ

శుక్రవారం మాకు సెలవు.
అమెరికాకు కాదు.
అందుకే ఫర్వానియాలో మా మూడో అంతస్తు గది
సాయంత్రం నాలుగున్నరకు అంగడవుతుంది.
మంచాల మధ్య ఇస్త్రీబల్ల.
దాని మీద నా లాప్‌టాప్, వలీ ఫోన్లు రెండు,
పీరయ్య నోటుబుక్కు.

పీరయ్య సిమెంటు కంపెనీలో స్టోర్‌కీపరు.
బస్తా వచ్చినా పోయినా రాసే చెయ్యి
సెలవు రోజు కూడా ఊరుకోదు.
షేరు పేరు, నొక్కిన వేళ, దొరికిన వేళ,
సెకన్లతో సహా.
అడిగిన ధర, ఇచ్చిన ధర.
"మధ్యలో పోయింది ఎవురి జేబులోకి పోయినట్టు?"
అని పేజీ అడుగున రాసి
జవాబుకు రెండు గీతల చోటు వదిలాడు.
ఏడాదిగా అది ఖాళీగానే ఉంది.

మధ్యలో మనిషే లేడు, నేరుగా మార్కెట్‌కే దారి
అని చెప్పి ఖాతా తెరిపించారు.
రాయచోటి సంతలో
తువాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దును బేరమాడే దళారీకి
ఒక మొహం ఉండేది.
ఎద్దు కుంటిదైతే
పట్టుకోడానికి చొక్కా ఉండేది.

ఆగస్టులో ఆ శుక్రవారం
నా రెండు నెలల ఓవర్‌టైము
నలభై షేర్లై కూర్చుని ఉంది.
ధర జారింది. అమ్మమని నొక్కాను.
తెర మీద చక్రం తిరుగుతోంది.
మళ్లీ నొక్కాను. తిరుగుతోంది.
నాది లిఫ్టుల పని, దిగడాలు నాకు తెలుసు.
ఇది తాడు తెగి పడటం కాదు,
ఆయిలు కారిన బ్రేకు జారడం.
చూస్తూ ఉండగా, అంగుళం అంగుళం.

ఫోన్ చేస్తే పియానో.
మీ కాల్ మాకు ముఖ్యం అని ఒక ఆడగొంతు.
పదకొండుసార్లు ముఖ్యమైనాను.
"నన్నైతే లోపలికే రానీలేదన్నా,
పాస్‌వర్డు తప్పంట" అన్నాడు వలీ,
తన బ్రోకరు గొప్పని పొద్దున చెప్పినవాడే.

అయిదూ పద్నాలుగుకు అమ్ముడుపోయాయి,
ఆనాటి అడుగు ధరకు.
'మీ ఆర్డరు విజయవంతంగా పూర్తయింది.'
విజయవంతంగా!
పైకి చదివితే వలీకి చాయ్ ముక్కులోకి పోయింది.
నేనూ నవ్వాను, ఏం చెయ్యను.
పీరయ్య నవ్వలేదు.
నలభైమూడు నిమిషాలు.
ఆ గడిలో పట్టక అడ్డంగా రాశాడు.

మర్నాడు షర్క్‌లో ఒక టవరు,
పద్నాలుగూ పదిహేనూ మధ్య ఇరుక్కున్న లిఫ్టు.
తలుపు మీద తట్టి వచ్చీరాని అరబీలో ఏదో అన్నాను.
లోపల్నించి "ఓ తల్లో" అని వినిపించింది.
ఓబులమ్మ. పై ఫ్లాటులో వంటమనిషి,
కూరగాయల సంచులతో.
"కదలొద్దమ్మా, నేనుండా ఈడ."
"పడదా నాయనా?"
"నిన్ను మోసేదానికి ఒక్క తాడు చాలు.
అయిదు కట్టినాం."
కాసేపు చప్పుడు లేదు.
"అయితే పచ్చిమిరక్కాయలు ఏరుకుంటా, కింద పడినాయి."
తొమ్మిది నిమిషాలకు తలుపు తీశాను.

రాత్రి పీరయ్యను అడిగాను,
నోటుబుక్కంతా తిరగేసి చెప్పు,
నమ్మదగ్గవాడు ఎవడని.
"ఎవుడూ కాడు. రెండు పెట్టుకో.
కుదిరితే మూడు."
ఆ మాట నా వృత్తిలోదే.
అతని నోట వినాల్సి వచ్చింది.

కొత్త బ్రోకరు ఫారం చాలా అడిగింది.
జీతమెంత, అనుభవమెన్నేళ్లు,
నష్టం ఎంత ఓర్చుకోగలవు?
కొంచెమా, మధ్యస్థమా, ఎక్కువా?
పడదా నాయనా అని
నేను తిరిగి అడిగే గడి ఒకటి ఉంటుందేమోనని
కిందిదాకా జరిపి చూశాను.
లేదు.
సంతకం పెట్టాను.

పక్క మంచం మీద పీరయ్య
స్కేలు పెట్టి కొత్త పేజీకి గీతలు కొడుతున్నాడు,
దొరికిన వేళ గడిని
ఈసారి కొంచెం వెడల్పుగా.