నిమ్మకాయల బిల్లు వెనక

పొదలకూరు మార్కెట్ బిల్లు వెనక
ఆరు గళ్లు గీసుకున్నా,
గడికో సెమిస్టరు.

కెమిస్ట్రీ మేజర్ గదా, ముందే కూచుంది
బస్సులో కిటికీ పక్కన తువ్వాలేసినట్టు.
ఇంగ్లీషూ పర్యావరణమూ
కమ్మీ పట్టుకుని నిలబడ్డాయి.

"నక్షత్రాల పేపరొకటి ఉందంట నాయనా,
రెండే క్రెడిట్లు."
"క్రెడిట్టంటే అరువేగా మస్తానమ్మా,
ఎట్టా తీరుస్తావ్?"
ఆయన చేతులు ఆగలేదు.
పండుకాయ ఇటు, పచ్చికాయ అటు,
మచ్చకాయ తట్టలోకి.

రెండో గడిలో ల్యాబు అడ్డం.
నాలుగో దాంట్లో
కావలి నించి రావాల్సిన సారు రాడంట.
తుడిచి తుడిచి
కాగితం పల్చనై
అవతలి లెక్క కనపడతా ఉంది:
బస్తాలు పదకొండు, కూలి బాకీ.

ఆరో గడిలో మాత్రం
పెన్నుతో రాశా,
నక్షత్రాలని.