అసలు కాగితం

హన్మకొండ స్టేడియం రెండో గేటుకు ఎదురుంగ
నాది జిరాక్స్ షాపు.
మిలిట్రీ భర్తీ పడ్డదంటే
రాత్రి రెండింటికే షట్టర్ లేపుత.

మొఖాలు చూడ. కాగితాలు చూస్త.
ఏటూరునాగారం. కొత్తగూడ. మహదేవపూర్.
బస్సు ఆగిపోయినంక
ఇంకా నాలుగు మైళ్లున్న ఊర్లు.
తండ్రి వృత్తి కాడ కూలి, కూలి, కౌలు, కూలి.
నడత మంచిదని సర్పంచి సంతకం.
ఎవలూ అడగకున్నా ఆదాయం పత్రం గూడ తెస్తరు,
పేదరికానికి మార్కులుంటయేమోనని.
ఏడాదికి అరవై వేలని రాసుంటది.
గంత వస్తే పోరడు ఈ చలిల
యూరియా బస్తా పరుచుకొని ఫుట్‌పాత్ మీదెందుకు పంటడు?

పదకొండేండ్లాయె,
నక్కలగుట్ట డోర్ నంబరు ఒక్కటన్న
నా అద్దం మీద బోర్ల పడలే.

కాలం కాని ఏడు లైను పొడుగైతది.
మంచిగ కాలమైతే పొట్టిగైతది.
వానకూ దేశభక్తికీ ఏందో పగున్నట్టుంది
అనుకున్న.
ఎవలతోని అనలే.

మొన్నటి భర్తీల ఈసం నగేశ్,
మంగపేట దిక్కు పిలగాడు,
అరకిలో తక్కువున్ననని
నా బల్ల కాడ నిలబడి డజను అరటిపండ్లు మింగిండు.
పదమూడోది నేనిచ్చిన.
"ఎందుకురా మిలిట్రీ?" అంటే
"దేశసేవ సార్" అని పాఠం అప్పజెప్పిండు.
కొంచెంసేపు ఊకున్నడు.
"మా నాయిన ఎనుమాములకు మిర్చి తెచ్చిండు సార్.
తాలన్నరు. తేమన్నరు.
క్వింటాలుకు రెండు కిలోలు తరుగన్నరు.
ఈడనన్న తరుగు లేకుంట తూస్తరేమో."

గేటు లోపట ఛాతీకి టేపు సుడుతరు.
గాలి పీల్వమంటరు. ఐదు సెంటీమీటర్లు ఉబ్బాలె.
బస్తాల చెయ్యి పెట్టి కాయను తిప్పి చూసినట్టే
పండ్లు చూస్తరు, మోకాళ్లు చూస్తరు.
పదహారు వందల మీటర్లు ఉరుకాలె.
ఊరికి బస్సు లేకపోవుడే
వానికి సర్కారిచ్చిన కోచింగు.

ఏడింటికి నా కొడుకు
స్కూటీ మీద అదే గేటు ముంగట నుంచి
ఐఐటీ కోచింగుకు పోయిండు.
సలి తగులుతదని మఫ్లర్ నేనే సుట్టిన.
ఆగస్టు పదిహేనుకు షాపు మీద జెండా కట్టేది గూడ నేనే.
గవే చేతులు.

పొద్దుగూకినంక మిషన్ మూత లేపితే
అద్దం మీద ఆదాయం పత్రం.
నగేశ్‌ది.
నకలు పట్టుకపోయి అసలు మర్చిండు.
ఫోన్ చేస్తే స్విచాఫ్.
ఎంపికైండో,
మిర్చి ఏరవోయిండో.

అసలంటే ఏందో వాళ్ల నాయినకు ఎర్కే,
ఎంత కట్టినా తీరనిది.

సొరుగుల పెట్టిన.
అండ్ల గిసొంటివి
ఇంకో ఏడున్నయి.