షాస్ బండి హారన్

ఇబ్రీ సనయ్యల, మూడో గల్లీల
మా షెడ్డు ముంగట రెండు బండ్లు నిలవడ్డయి.
ఒకటి షాస్. ఎనభై ఆరు మోడల్.
ఒకప్పుడు దానికి ఇసుక రంగేసిన్రట,
ఇప్పుడు రంగు ఏడ ఆగిందో ఇసుక ఏడ షురువైందో తెల్వది.
ఇంకోటి మొన్న మస్కట్ షోరూం కెల్లి దిగింది,
సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఇప్పలే.

రెండిటికి మాలిక్ ఒక్కడే, హమూద్ ముసలాయన.
కొత్తది కొడుకు కొనిచ్చిండు.
పాతది ఎవ్వరు కొనియ్యలే,
నాలుగు ఒంటెలమ్మి తనే తెచ్చుకున్నడు.

షాస్ బానెట్ లేపితే
ఇంజను పక్కన నేను నిలవడేంత జాగ.
పన్నెండు పానా, పద్నాలుగు పానా,
ఒక స్క్రూడ్రైవరు, మూరెడు తీగ,
సగం రోగాలు ఈటితోనే పోతయి.
చెవి ఆనిస్తే చాలు,
మూడో సిలిండరు దగ్గుతాంటది
గోడవతలి పక్కింటోని లెక్క.

కొత్తదాని బానెట్ లేపితే
నల్లటి మూత.
మూత కింద ఇంకో మూత.
నా పానాలు పెట్టెలనే పండుకున్నయి.
రోగమొస్తే అదే స్క్రీను మీద రాసుకుంటది,
అరబ్బీల, ఇంగ్లీషుల.
నాకొచ్చిన రెండు భాషలు తెలుగు, ఇనుము.
ఆ రెండిట్ల మాత్రం రాయది.

అబద్ధమెందుకు,
ఇసుక దిబ్బ మీద కొత్తదే మంచిగ పోతది.
ఒక బొత్తాం ఒత్తితే
ఏ కాలు ఏడ మోపాల్నో అదే సూసుకుంటది.
జూన్ నెల, మిట్టమధ్యాన్నం,
లోపల కూసోని నేను చెద్దరు యాది చేసుకున్న.
షాస్‌ల పోతే నడుం విరుగుతది.
ఏసీ అని ఒక బొత్తాం ఉంటది, అంతే.
దిబ్బ సగం ఎక్కినంక కాగి ఆగుతది,
మనం తాగే నీళ్లు దానికి పొయ్యాలె.
ఒకపాలి చాయకని దాసిన నీళ్లు గూడ తాగింది.
ముసలాయన దాని తాతల దాక తిట్టి
మూతి మీద ఒక్కటి సరిసి, "యల్లా" అన్నడు.
కదిలింది.

"మరి రెండు ఎందుకు తెచ్చినవు, బాబా?"
ముసలాయన కొంచెం సిగ్గువడ్డడు.
వెనక సీట్ల మీద గడ్డి మోపులేసుకొని
కొత్త బండిల పోతే ఒంటెలు రాలేదంట.
పదిహేడు ఒంటెలు దూరంగ నిలవడి
జప్తుకొచ్చిన సర్కారోణ్ణి సూసినట్టు సూసినయంట.
దిగి పేర్లు పెట్టి పిలిస్తే
ముసలిది, సమ్హా, ఒక్కటే
నాలుగడుగులేసి ఆగిందంట.

"హరన్, లింగా, హరన్."

షాస్ జాలీ ఇప్పి హారన్ తీసిన.
దాని బూర నిండ ఇసుక,
ఎండిన కందిరీగల గూడు, సగం ఖర్జూరం గింజ.
గాలి పైపు పట్టబోతే ముసలాయన నా చెయ్యి పట్టుకున్నడు.
వద్దు.
గొంతు మారుతది.

కొత్త డ్యాష్‌బోర్డుకు మొదటి బొక్క కొట్టేటప్పుడు
ఇరవై రెండేండ్ల చెయ్యి, జర వణికింది.
వైరు కలిపిన. ఒత్తిన.
జలుబు చేసిన దున్నపోతు అరిచినట్టు
గల్లీ గల్లంత అదిరింది,
చాయ దుకాణపోడు గ్లాసు ఇడిసిపెట్టిండు.
స్క్రీను మీద పచ్చ లైటు వెలిగి
ఏందో రాసింది.
"ఏమంటాంది?" అన్నడు ముసలాయన.
ఈ గొంతు ఎవల్దో తెల్వదంటాంది అన్న.
"తెలుసుకుంటదిలే."
పోయిండు.

మాపటికి షాస్‌ను షెడ్డు వెనకకు తీస్కపోతాంటె
గ్యాసు సిలిండర్లు మోసుకుంట నలుగురు అడ్డమొచ్చిన్రు.
చెయ్యి అలవాటుగ బొత్తాం మీదికి పోయింది.
ఏ సప్పుడు లేదు.
కిటికీలకెల్లి తల బయట పెట్టి
"తప్పుకోండ్రి!" అని ఒర్లిన,
తెలుగులనే.
ఒక్కనికి అర్థం కాలే.
అందరు జరిగిన్రు.