సంచకరువు

పోథియా రేవులో స్పాంజీలు కత్తిరించే కొట్టు మాది.
కత్తెర ఆడుతుంటే పసుప్పచ్చని పొట్టు
ఒళ్లో రాలుతూనే ఉంటుంది.
ఆ పొట్టు దులుపుకుంటూ మా పెద్దమ్మ థెమెలీనా
ఒకే ఒక్క మాట గురించి చెప్పేది,
ఎన్నిసార్లు చెప్పినా అదే మొదటిసారి అన్నట్టు:

అర్రవోనా.

గుడిలో చదివితే సంచకరువు.
రేవులో అడిగితే బయానా.
వేలికి తొడిగితే నిశ్చితార్థం.
మూడింటికీ మాకున్నది ఆ ఒక్క మాటే.

అది కూడా మాది కాదట.
ఎప్పుడో ఫినీషియా వర్తకులు
ఊదారంగు బట్టలతో, దేవదారు దుంగలతో పాటు
ఓడ అడుగున వేసుకొచ్చి
ఇక్కడ దించి మరిచిపోయారట.
డేరాలు కుట్టుకు బతికిన ఆ ఉత్తరాల మనిషికి
బజారు తెలుసు, బేరం తెలుసు.
దేవుడు మన గుండెల్లో ఆత్మను ఉంచాడని
కొరింథు వాళ్లకు రాయడానికి
మంచి మాటలు దొరక్కనా?
ఏరి ఏరి, చిల్లర మోతా తోలు వాసనా ఉన్న
ఈ మాటే తీసుకున్నాడు.

పెద్దమ్మకు పంతొమ్మిదేళ్లప్పుడు
సాకెల్లారిస్ కెప్టెన్ దగ్గర బయానా పుచ్చుకున్నాడు,
ఆరు నెలలు ఆఫ్రికా ఒడ్డున
సముద్రం అడుగున నడుస్తానని.
సగం వాళ్లమ్మ చేతిలో పోశాడు, పిండికీ నూనెకీ.
కొంత తాగాడు. అందరూ తాగేవాళ్లు.
తిరిగొస్తామో లేదో తెలియనివాళ్ల డబ్బు
జేబులో నిలవదు.
మిగిలినదాంతో ఉంగరం కొన్నాడు.
అంటే, బయానాతో బయానా.
ఎడమ చేతికి తొడిగాడు.
పెళ్లినాడు కుడి చేతికి మార్చడం మా ఆచారం.

ఈస్టర్ వెళ్లిన వారం పడవలు కదిలాయి.
అక్టోబరులో తిరిగొచ్చాయి.
రేవులో ఆడవాళ్లు తలలు లెక్కపెట్టుకున్నారు.
డెర్నా దగ్గర ఇసుకలో పూడ్చామన్నారు.
నీళ్లలోకి దిగేటప్పుడు పెట్టుకునే ఇత్తడి టోపీ మాత్రం తెచ్చారు,
అది కెప్టెన్‌ది కాబట్టి.

వారం తిరక్కుండా కెప్టెన్ ఖాతా పుస్తకంతో వచ్చాడు.
నాలుగు నెలల పని బాకీ అన్నాడు.
సాకెల్లారిస్ తల్లి గోడవైపు తిరిగి కూర్చుంది.
పెద్దమ్మ ఉంగరం తీయబోయింది.
"అది నా బేరంలోది కాదు" అని
టోపీ సర్దుకుని లేచిపోయాడట.
ఎంత పాపిష్టివాడో అంత మర్యాదస్తుడు, అనేది.

ఆ ఆదివారం గుడిలో అదే ఉత్తరం చదివారు.
మెట్ల మీద నొమికోస్ అయ్యగారిని ఆపింది.
"బయానా ఎవరిస్తారండీ?"
"కొనేవాడు."
"కొనేవాడు వెనక్కి తగ్గితే?"
"ఇచ్చింది పోయినట్టే."
"ఇచ్చినవాడు ఆయన, పుచ్చుకున్నది మనం.
మరి బాకీ పడ్డదెవరు?"
అయ్యగారు గడ్డం నిమురుకున్నాడు.
తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు.
గుడి తలుపు ఒకసారి వేసి,
పడిందో లేదోనని మళ్లీ లాగి చూసి, దిగి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ పెళ్లి మానేసిందనుకోకండి.
చెప్పుల కొట్టు మికేస్‌ని చేసుకుంది, ముగ్గురు పిల్లలు.
కుడి చేతికి అతని ఉంగరం, ఎడమ చేతికి ఇది.
అతను ఒక్కనాడూ అడగలేదు.
మంచివాడో, తెలివైనవాడో.

దీపం ముందు ఆమె బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.
రావలసిన డబ్బు కోసం
ఒకరి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చునేది,
చేతులు ఒళ్లో పెట్టుకుని.
కోపం లేదు. తొందర అసలే లేదు.
మిగతాది ఎప్పుడని అడుగుతున్నట్టు
కనుబొమలు కొంచెం పైకెత్తి.

మొన్న చలికాలంలో పోయింది.
ద్రాక్షసారాయితో ఒళ్లు తుడిచాం.
కుడి చేతి ఉంగరం సబ్బు రాస్తే జారింది, కోడలికిచ్చాం.
ఎడమది రాలేదు.
కణుపు ఉబ్బి ఎముకలాగే బిగుసుకుపోయింది.
ఆలివ్ నూనె రాశాం, దారం చుట్టి లాగాం.

"ఉండనీవే" అంది మా అమ్మ,
నూనె చేతులు గౌనుకు తుడుచుకుంటూ.
"అక్కడ అడిగితే చూపించొద్దూ?"